ఎండల తేలిన ముద్ర

మా ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద ఈ మధ్య అద్దాల తలుపుల దుకాణం ఒకటి తెరిచిన్రు. కార్లకు మెరుగు పెట్టే దుకాణం. పాతకాలం కార్లు దాచుకునే షోకు ఉన్నోళ్లు సిటీ నుంచి కూడ అక్కడికి బండ్లు పంపుతున్నరట. పోయిన నెల నన్ను పిలిచి, కుర్చీ వేసి కూసోబెట్టి, చాయ ఇచ్చిన్రు. ఇది రాస్తున్నది అక్కడ పనిచేసే మీకే. మీరంతా చేతులకు నల్ల తొడుగులు వేసుకున్నరు. నెత్తి మీద వరుసగ లైట్లున్నయ్. రంగు ఎంత మందం ఉందో చెప్పే చిన్న మిషను కూడ చూపిచ్చిన్రు. మా కాలంల ఆ సంగతి బొటనవేలు చెప్పేది. సగంసార్లు తప్పు చెప్పేది.

"తాతా, నీ సర్వీసుల నువ్వు చేసిన బెస్టు కారు ఏది?" అని మీలో ఒకరు అడిగిన్రు.

నేను చాయ తాగి లేచొచ్చిన. నలభై ఏండ్లు కార్లు రుద్దిన కానీ, బాగ చేసినవి ఏవీ నాకు యాదికి లేవు. చెడగొట్టిన తలుపు ఒకటి మాత్రం యాదికుంది. ఎడమ దిక్కు, వెనక తలుపు. దాని సంగతి రాస్తున్న. మీకు పనికొస్తదో రాదో తెల్వదు.

నాకు అప్పుడు ఇరవై రెండేండ్లు. నిజాం సర్కారు ఆఖరి దినాలు. ఇబ్రహీంపట్నం కాడ ఒక ఊర్లె ఒక దొర ఉండె. మా బాపు ఆయన గడిల ఎడ్లకు మేత వేసెటోడు. నేను పందొమ్మిదేండ్లు వచ్చేదాక బర్లను కడిగెటోణ్ణి. నేను బర్లను కడుగుతుంటే చూసి దొరగారి డ్రైవరు "వీని చెయ్యి మెత్తగుంది" అని నన్ను మోటర్ల కాడికి మార్పిచ్చిండు. నా జీవితంల నాకొచ్చిన మొదటి ప్రమోషను అదే. బర్లు నొచ్చుకున్నయో లేదో నేను అడగలే.

గడిల మూడు మోటర్లు. రెండు మామూలియి. మూడోది ఇంగ్లండు నుంచి ఓడల వచ్చిన పెద్ద మోటరు. ముదురాకుపచ్చ రంగు. గడి దర్వాజ కాడ మలుపుకోవాలంటే రెండుసార్లు వెనుకకు పోయి ముందుకు రావాలె, అంత పొడుగు. ఏడాదికి ఆరేడుసార్లు దొర దాన్ని బయటికి తీసెటోడు. మిగిలిన దినాలు దాని పని నిలబడుడు, మా పని రుద్దుడు.

మా అంటే నేను, ఉస్తాద్. ఉస్తాద్‌ది పహాడీ షరీఫ్ దిక్కు. యాభై దాటిన సన్నటి మనిషి. తాతల నాటి నుంచి సిటీల బగ్గీలకు రంగులేసిన ఖాందాన్. బగ్గీలు పోయి మోటర్లొస్తే ఆయన మోటర్లకు మారిండు. మాట తక్కువ. తిట్టు ఇంకా తక్కువ. పని బాగలేకుంటే ఏమనెటోడు కాదు. గుడ్డ తీసి మళ్ల నా చేతిల పెట్టెటోడు, అంతే. తిట్టినా బాగుండు అనిపిచ్చేది.

మొదటి దినం నా చేతి ఉంగరం తీపిచ్చిండు, మెడల తాయెత్తు తీపిచ్చిండు, అంగీ గుండీలు కత్తెరతోని కత్తిరిచ్చిండు. ఏది కూడ రంగుకు గీసుకోవద్దు. మొదటి నెలంత గుడ్డ పట్టుడే నేర్పిండు. కింద పడ్డ గుడ్డ ఇంకోసారి రంగుకు తాకొద్దని ఆయన ఖాయిదా, ఎందుకంటే దానికి అంటుకున్న ఒక్క ఇసుకరేణువు మొత్తం తలుపుకు గీత పెడ్తది. ఒక పొద్దు నేను మూడు గుడ్డలు పడేసిన. నాలుగోసారి ఆయన తన నెత్తి రుమాలు విప్పి నా చేతిల పెట్టిండు. బట్టతల మీద ఎండ కొడుతుంటే అట్లనే నిలబడ్డడు. ఆ దినం నుంచి నా చేతిలకెళ్లి గుడ్డ జారలే.

పని గురించి ఎక్కువ చెప్ప. పిండి లెక్క మెత్తటి రాతిపొడిని నూనెల కలిపి, అరచేత్తోని రుద్దాలె. తర్వాత తేనెమైనం. అంతే. మిగిలిందంత ఓపిక. మీ మిషన్లు చేసేది కూడ గదే, జర చప్పుడు ఎక్కువ.

ఇగ ఆ ఎడమ తలుపు. అది దొర ఎక్కే తలుపు. దాని మీద అరచేతంత బంగారు ముద్ర ఉండె. నడుమ తలపాగా, రెండు పక్కల రెండు పులులు. సర్కారు తనకు ఇచ్చిన ముద్ర అని దొర చెప్పెటోడు. సర్కారును పోయి ఎవ్వరూ అడగలే. దాన్ని బంగారు రేకుతోని ఉస్తాదే వేసిండు, నేను రాకముందే. పులుల మీసాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు, అంత సన్నగ వేసిండు.

అటెంక ఊర్లల్ల సంఘం లేచింది. వెట్టి చెయ్యం అన్నరు జనం. నాకు అప్పటిదాక ఒక సంగతి తెల్వదు. మోటరు కడిగే నీళ్లు వాటంతట అవే వస్తయనుకుంటుంటి. మెత్తటి పాత ధోతులు వాటంతట అవే ఉతుక్కొని వస్తయనుకుంటుంటి. సంఘం వచ్చినంక నీళ్లు రాలే, ధోతులు రాలే. అప్పుడు తెలిసింది, వాటిని ఇన్నేండ్లు వెట్టికి మోసినోళ్లు ఉన్నరని. దొర వచ్చి "మోటరు ఎందుకు మెరుస్తలేదు?" అని అడిగిండు.

"నీళ్లు మోసెటోళ్లు సంఘంలకు పోయిన్రు హుజూర్" అన్నడు ఉస్తాద్.

నేను కూడ పోయిన ఒకసారి. యాచారం దిక్కు ఒక చింతతోపుల మీటింగు పెట్టిన్రు. తుపాకి భుజానికేసుకున్న ఒక మనిషి అందరిని పేరుపేరున అడుగుతుండు.

"నువ్వేం పని చేస్తవ్?"

"దొర మోటరు రుద్దుత."

"రుద్దితే ఏమైతది?"

"మెరుస్తది."

"మెరిస్తే ఏమైతది?"

చుట్టున్నోళ్లు నవ్విన్రు. నేను కూడ నవ్విన. ఇప్పటికీ ఆ మాటకు జవాబు దొరకలే.

దొరకు భయం పట్టింది. రజాకార్ల తుపాకులోళ్లను తెచ్చి గడిల పెట్టుకున్నడు, సర్కారు జెండా పెద్దది ఎగరేసిండు. తుపాకులోళ్లు పండుకోను మా మోటరుఖానా ఖాళీ చేపిచ్చిండు. మోటర్లు బయట వాకిట్ల పెట్టినం. రెండు ఎండకాలాలు పెద్ద మోటరు అట్లనే ఎండల నిలబడ్డది. నీళ్లు లేవు, గుడ్డలు లేవు, మైనం లేదు. ఉస్తాద్ పొద్దూకె దాని చుట్టూ తిరిగి, చెయ్యి వేసి చూసి, వచ్చి కూసునెటోడు.

ఆ రెండో ఏడు వానకాలం చివర్ల పోలీస్ యాక్షన్ అయ్యింది. గడిల రేడియో ఉండె కాబట్టి మాకు అన్నీ తెలిసేవి. మొదటి రెండు దినాలు దొర రేడియోను గట్టిగ పెట్టిచ్చిండు. మూడో దినం మెల్లగ పెట్టిచ్చిండు. నాలుగో దినం బంద్ పెట్టిచ్చిండు. తుపాకులోళ్లు ఎటు పోయిన్రో పోయిన్రు. జెండా కూడ కానరాలే. నిజాం సర్కారు చేతులెత్తేసిందని తెలిసింది. బెజవాడ సడక్ మీద యూనియన్ ఫౌజు వస్తుంది, రేపో మాపో హయత్‌నగర్ దాటుతది అన్నరు.

మరునాడు పొద్దుగాల దొర స్వయంగ వాకిట్లకు వచ్చిండు. నెత్తి మీద తెల్ల టోపీ. అంతకుముందు దినం దాక ఆ నెత్తి మీద ఉన్నది వేరే టోపీ.

"ఉస్తాద్, ఈ ముద్ర పగటీలికి, పన్నెండు కొట్టేలోపల పోవాలె. పెద్ద మోటరుల పోయి ఫౌజుకు దండలెయ్యాలె."

ఉస్తాద్ తలుపు కాడ గొంతుకూసొని, ముద్ర మీద అరచెయ్యి పెట్టి చూసిండు.

"పోదు హుజూర్."

"ఎట్ల పోదు? గీకితే పోతది."

"బంగారం పోతది. ముద్ర పోదు. తలుపు మొత్తం గీకాలె, కొత్త రంగు వెయ్యాలె, ఎండాలె. పదిహేను దినాలు."

"పదిహేను దినాలకు ఫౌజు వచ్చుడు అయితది, పోవుడు అయితది. నాకు ఇయ్యాల కావాలె."

"అయితే ఒక గుడ్డ కప్పుండ్రి."

"గుడ్డ కప్పుకొని పోను అదేమన్న శవమా?"

దొర నా దిక్కు తిరిగిండు. "నువ్వు చేస్తవారా?"

నేను ఉస్తాద్ దిక్కు చూసిన. ఆయన తల అడ్డంగ ఊపిండు, ఇంతే, ఒక్క రవ్వంత. మూడేండ్ల నుంచి నా చేతిల మళ్లమళ్ల గుడ్డ పెడుతున్న మనిషి. ఆయన కాదన్న పని నేను చేసి చూపిస్తే నన్ను కూడ ఉస్తాద్ అంటరు కదా అనిపిచ్చింది. ఇరవై రెండేండ్లకు మనిషి మెదడుల ఏముంటదో మీకు నేను చెప్పే అవుసరం లేదు.

"చేస్త దొరా" అన్న.

రాతిపొడి నేనే కలుపుకున్న. నూనె నేనే పోసుకున్న. ఉస్తాద్ దూరంగ తిన్నె మీద కూసున్నడు. ఒక్కసారి మాత్రం లేచి వచ్చి "జర ఆలోచించు" అన్నడు. కుళ్లు అనుకున్న. పొద్దంత సన్నటి తుంపర. నేను రుద్దుకుంట ఉంటే ముందు తలపాగా పోయింది, తర్వాత ఒక పులి, తర్వాత రెండో పులి. పగటీలికి బంగారం ఆనవాలు లేదు. తడికి, నూనెకు తలుపు మొత్తం ఒక్క తీరుగ, చెరువు నీళ్ల లెక్క నిండుగ కనపడ్డది.

దొర వచ్చి చూసిండు. "శాబాష్" అన్నడు. నా జీవితంల నాకొచ్చిన మొదటి శాబాష్ గది. తర్వాత ఉస్తాద్ దిక్కు తిరిగి "పోదంటివి కదా, చూసినవా?" అన్నడు.

"ఇంకా వాన పడుతుంది హుజూర్" అన్నడు ఉస్తాద్.

ముసలోడు ఏదో మాట తప్పించిండు అనుకున్నం అందరం.

హయత్‌నగర్‌కు డ్రైవరు, దొర, నేను పోయినం. దుమ్ము, బురద తుడవాలె కాబట్టి నన్ను ముందట కూసోబెట్టుకున్నరు. సడక్ పొంటి జనం. ఫౌజు బండ్లు నిలబడి ఉన్నయ్. ఒక పొడుగాటి ఆఫీసరు జీపు దిగి నిలబడ్డడు. దొర దండ వేసిండు, నిమ్మకాయ ఇచ్చిండు, ఉపన్యాసం మొదలుపెట్టిండు. తను ఎప్పటినుంచో ఈ దినం కోసం ఎదురు చూస్తున్ననని, తనకు ఆ సర్కారుతోని ఏ సంబంధం లేదని. అప్పుడే మబ్బు తెరిపిచ్చి ఎండ కొట్టింది.

నేను మోటరు పక్కన గుడ్డ పట్టుకొని ఉన్న. మోటరు ఆరుతున్నది. తడి మీద ఒక్క తీరుగ కనపడ్డ రంగు, ఆరినకొద్దీ రెండు తీర్లు అయ్యింది. చుట్టూ ఉన్నది రెండు ఎండకాలాలు ఎండి పాలిపోయిన ఆకుపచ్చ. నడుమ బంగారు రేకు కింద ఎండ తగలకుంట దాగిన ముదురాకుపచ్చ. ముందు తలపాగా తేలింది. తర్వాత ఒక పులి. తర్వాత రెండో పులి. బంగారం ఉన్నప్పుడు ఎండ పడితే పులులు జర తళతళలాడి సరిగ్గ కనపడకపోయేవి. ఇప్పుడు మీసాలతోని సహా సాఫ్‌గ కనపడుతున్నయ్. పోదు హుజూర్ అన్న మాటకు మతలబు నాకు అప్పుడు తెలిసింది. నేను గుడ్డతోని తుడిచిన. తుడిస్తే ఇంకా సాఫ్‌గ కనపడ్డది.

డ్రైవరు చూసిండు. దొర ఉపన్యాసం నడుస్తనే ఉంది.

ఆఫీసరుకు మోటర్ల షోకు ఉన్నట్టుంది. దండ మెడల ఉండంగనే మోటరు చుట్టు తిరిగిండు. ఎడమ తలుపు కాడ ఆగి, ముద్ర మీద వేలు పెట్టిండు.

"యే క్యా హై?"

దొర తలుపు దిక్కు చూసిండు. ఆయన ముఖంల రంగు మారుడు నేను చూసిన. కానీ ఆయనకు మాట తడబడలే. "నా కాడ పనిచేసే ముసలోడు వేసిండు సాబ్. రజాకార్ల మనిషి. నాకు చెప్పకుంటనే పది దినాల కింద వేసిండు. నేను చూసి కోపం చేసి తీపిచ్చిన. కావాలంటే వీణ్ణి అడుగుండ్రి, వీడే సాక్ష్యం."

ఆఫీసరు పక్కన కోస్తా దిక్కు సిపాయి ఒకడు ఉండె, తెలుగు వచ్చినోడు. అతను నన్ను అడిగిండు. "ఏమయ్యా, ఆయన చెప్పేది నిజమేనా?"

నేను దొర దిక్కు చూసిన. బాపు యాదికొచ్చిండు, గడిల ఎడ్లు యాదికొచ్చినయ్. ఇంకోటి కూడ యాదికొచ్చింది, దాన్ని ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలే. అవునంటే ఈ తలుపు చెడగొట్టింది నేను అన్న సంగతి కూడ దాగుతది.

"అవ్" అన్న.

అంతే. ఒక్క అక్షరం కంటె జర పెద్దగ ఉంటది ఆ మాట.

ఇద్దరు సిపాయిలు మా వెనుకనే గడికి వచ్చిన్రు. ఉస్తాద్ వాకిట్ల కూసొని మైనం డబ్బా మూత సరిచేస్తున్నడు. లెవ్వు అన్నరు. లేచిండు. చేతులు కడుక్కుంట అన్నడు. కడుక్కున్నడు. పొయ్యేటప్పుడు నా కాడ ఆగిండు.

"ఎండల చూసినవా?"

"చూసిన."

"కనపడ్డదా?"

"కనపడ్డది."

తల ఊపి పోయిండు. తనను ఎందుకు పట్టుకపోతున్నరో అడగలే. ఆ దినాలల్ల గడ్డం ఉన్న ముసలోడు ఎందుకని అడిగే కాలం కాదు.

ఇబ్రహీంపట్నంల బడి బంగ్లాను ఫౌజోళ్లు క్యాంపు చేసుకున్నరు. పట్టుకొచ్చినోళ్లను ఒక తరగతి గదిల పెట్టిన్రు. ఎవరి మీద సాక్ష్యం ఉందో వాళ్లను ముందు సిటీ జైలుకు పంపుతరు అన్నరు. ఉస్తాద్ మీద సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం నేను.

దొర భయంతోని ఇంకో పని చేసిండు. పెద్ద మోటరును ఫౌజుకు వాడుకోను ఇచ్చిండు. ఇచ్చి ఊకోలే. "దినాం పోయి తుడిచి రా" అని నన్ను పంపిండు. మోటరు బడి ముందట నిలబెట్టిన్రు. ఉస్తాద్ ఉన్న గది కిటికీ సరిగ్గ దాని ఎదురుగ ఉంది.

మొదటి దినం పోయి తుడిచిన. ఎడమ తలుపు కిటికీ దిక్కే ఉంది. నేను వంగి తలుపు తుడుస్తుంటే నా వీపు కిటికీకి. చుట్టు తిరిగి కుడి తలుపు తుడిచిన. తల ఎత్తలే. ఇంటికొచ్చి తినటానికి కూసున్న. నన్ను కన్న మా అవ్వ రొట్టె పెట్టుకుంట "ఉస్తాద్ తిన్నడా?" అని అడిగింది. అంతకుముందు ఏడు మా అవ్వ చెయ్యి కాలితే ఉస్తాద్ మైనం, నూనె కలిపి మందు చేసి ఇచ్చిండు. తెల్వదు అన్న. రొట్టె సగంల వదిలి లేచిన.

రెండో దినం పోయి తుడిచిన. వచ్చి తినటానికి కూసున్న. "ఉస్తాద్ తిన్నడా?" అన్నది అవ్వ. ఆమెకు నేను అసలు సంగతి చెప్పలే. బాపుకు మాత్రం డ్రైవరు అంతా చెప్పిండు. "నోరు మూసుకొని ఉండు, ఎడ్లు మనయి కావు, ఇల్లు మనది కాదు" అన్నడు బాపు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

మూడో దినం పొద్దుగాల ఆఫీసరు మోటరు కాడనే నిలబడి చాయ తాగుతున్నడు. నేను గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టి, ఆయన ముందట నిలబడ్డ.

"సాబ్, మై ఝూట్ బోలా."

ఆఫీసరు చాయ ఆపిండు. తెలుగు సిపాయిని పిలిచిండు. నేను అంతా చెప్పిన. ముద్ర దొరదని, ఏండ్ల నుంచి ఉందని, తీసింది నేనని, ఉస్తాద్ వద్దన్నడని.

"మొన్న ఒక మాట చెప్పావు, ఇవాళ ఒక మాట చెబుతున్నావు. ఇప్పుడెందుకు చెబుతున్నావని అడుగుతున్నారు" అన్నడు సిపాయి.

"రెండు దినాల నుంచి తుడుస్తున్న సార్. పోతలేదు."

సిపాయి అది ఆఫీసరుకు ఎట్ల చెప్పిండో తెల్వదు. ఆఫీసరు నా దిక్కు తిరిగిండు. రెండు మాటల్ల ఏది నమ్మాలె అన్నడు.

"నా మాట ఏదీ నమ్మొద్దు సాబ్. ఆ తలుపు పిడి ఇప్పి చూడుండ్రి."

క్యాంపుల మోటర్లు చూసుకునే హవల్దారు ఒకాయన ఉండె. తెల్ల మీసాలోడు. ఆయన వచ్చి రెండు మరలు ఇప్పి, పిడి, దాని కింది రేకు తీసిండు. రేకు కింద ముదురాకుపచ్చ. ముద్ర ఎంత ముదురో గంతే ముదురు. హవల్దారు రెండింటి మీద రెండు వేళ్లు పెట్టి చూసిండు. నేను చెప్పవలసిన పని కూడ లేకుండె. ఆయనే ఆఫీసరుకు వాళ్ల మాటల్ల చెప్పిండు. పిడి ఎన్ని ఎండలు ఆపిందో ముద్ర కూడ అన్ని ఎండలు ఆపింది, పది దినాల ముద్రకు, అది కూడ వానకాలంల, గీ తీరు నీడ పడదు. చెప్పి నా దిక్కు చూసి మీసాల కింద నవ్విండు. పని తెలిసిన మనిషి ఇంకో పని తెలిసిన మనిషిని చూసి నవ్వే నవ్వు. ఆ నవ్వు నాకు రావలసింది కాదు, ఉస్తాద్‌కు రావలసింది.

దొరను పిలిపిచ్చిన్రు. ఇంకో దండ పట్టుకొని వచ్చిండు. తలుపు చూపిచ్చిన్రు, పిడి చూపిచ్చిన్రు.

"అట్లనా!" అన్నడు దొర. "ఇన్నేండ్ల నుంచి ఉందా! నేను చూడనే లేదు సాబ్. నేను కుడి దిక్కు నుంచి ఎక్కుత."

ఆఫీసరు దొర వెనుక నిలబడ్డ డ్రైవరు దిక్కు చూసి అడిగిండు. సిపాయి తెలుగుల చెప్పిండు. "మీ దొర ఏ తలుపు నుంచి ఎక్కుతాడు?"

డ్రైవరుకు ఆరుగురు పిల్లలు. అది అక్కడున్నోళ్లల్ల నాకొక్కనికే ఎరుక. ఆయన నేల దిక్కు చూసిండు, టోపీ తీసి మళ్ల పెట్టుకున్నడు.

"ఎడమ" అన్నడు.

ఆఫీసరు దండ తీసుకోలే. దొరను ఏమన్న చేసిండా అంటే, పొద్దూకె దాక బడి వరండల బెంచీ మీద కూసోబెట్టి పంపిండు. అంతే. ఏండ్ల తరబడి ఊరంత భరించిన దొరకు ఒక్కపూట బెంచీ. మీరు దినపత్రికల్ల, సిన్మాలల్ల చూసే న్యాయం వేరే ఉంటది.

ఉస్తాద్‌ను ఆ పగటీలే వదిలిపెట్టిన్రు. నేను అవ్వ కట్టిచ్చిన రొట్టె మూట పట్టుకొని గేటు కాడ నిలబడ్డ. ఆయన సీదా గేటు కాడికి రాలే. ముందు మోటరు కాడికి పోయిండు. ఎడమ తలుపు ముందట గొంతుకూసొని, నేను రుద్దిన కాడ వేలితోని ఇట్లిట్ల రాసి చూసిండు.

"నూనె ఎక్కువ పోసినవ్" అన్నడు.

మళ్ల లేచి నడిచిండు. నేను వెనుక నడిచిన. జల్‌పల్లి చెరువు కాడికి వచ్చేదాక నేను రొట్టె తీయలే. చెరువు కాడ కాళ్లు కడుక్కొని కూసున్నడు. అప్పుడు చెప్పిన.

"ఉస్తాద్, ఆ దినం నేను అవ్ అన్న."

"తెలుసు."

"సిపాయి చెప్పిండా?"

"ఎవ్వరూ చెప్పలే. రెండు దినాలు నా కిటికీ ముందట మోటరు తుడిచినవ్. ఒక్కసారి కూడ తల ఎత్తి నా దిక్కు చూడలే. అప్పుడు తెలిసింది."

మూట అడిగి తీసుకొని విప్పిండు. రొట్టె రెండు ముక్కలు చేసిండు. ఒకటి నాకిచ్చిండు. తిన్నం. తిన్నంక ఆయన పహాడీ షరీఫ్ దిక్కు పోయిండు. నన్ను రమ్మనలే. నేను ఇంటికొచ్చిన.

ఇంటి సంగతి తొందరగ చెప్త. వారం దినాలకు దొర మమ్మల్ని గడిలకెళ్లి ఎల్లగొట్టిండు. బాపు నాతోని ఒక నెల మాట్లాడలే. హయత్‌నగర్ కాడ మా మేనమామ ఊర్లె ఒక కాపు ఇంట్ల ఎడ్ల కాడ పనికి కుదిరినంక మాట్లాడిండు, అది కూడ "నీళ్లు తే" అని. డ్రైవరు ఆరుగురు పిల్లలను తోలుకొని సిటీకి పోయి లారీ నడిపిండు. దొర మోటరు దొరకు వాపస్ వచ్చింది. ఆయన దాన్ని మొత్తం గీకిపిచ్చి తెల్ల రంగు వేపిచ్చిండు. తర్వాత ఏండ్లల్ల మీటింగులల్ల వేదికల మీద కూసున్నడు, స్వాతంత్ర్యం గురించి మాట్లాడిండు. నేను ఒకసారి కింద కూసొని విన్న. బాగనే మాట్లాడిండు.

మూడు నెలలకు నేను ఉస్తాద్‌ను వెతుక్కుంట పోయిన. పహాడీ షరీఫ్ గుట్ట కింద చిన్న రేకుల షెడ్డు వేసుకొని సిటీ నవాబుల మోటర్లు చేస్తున్నడు. మూలకు ఉన్న బకీటు, గడ్డి చీపురు చూపిచ్చిండు. చక్రాలు కడుగు అని.

నాలుగేండ్లు చక్రాలు కడిగిన. ఒక్క తలుపు ముట్టనియ్యలే. నా వెనుక వచ్చినోళ్లు బానెట్లు చేస్తున్నరు, తలుపులు చేస్తున్నరు, నేను బురద గీకుతున్న. ఒక్కసారి కూడ ఎందుకని అడగలే. అడిగే మొఖం నాకు లేకుండె. మీ దుకాణంల ఒకరిద్దరు ఆరు నెలలు అయినంక కూడ చక్రాలే ఇస్తున్నరని గునుస్తున్నరని విన్న. గునుసుకోండ్రి, కానీ బాగ కడుగుండ్రి.

అయిదో ఏడు ఒక పొద్దుగాల ఆయన ఒక పెద్ద మోటరు తలుపు ముందట చాప వేసుకొని కూసున్నడు. చాప జర కుడికి జరిపిండు. పక్కన జాగ అయ్యింది. నా దిక్కు చూసి, గుడ్డ నా చేతిల పెట్టిండు. పోయి కూసున్న.

నన్ను మాఫ్ చేసిండా అని మీరు అడుగుతరు. ఆయన చెప్పలే, నేను అడగలే. ఆయన సచ్చిపోయేదాక, పన్నెండేండ్లు, ఆ చాప మీద పక్కపక్కన కూసొని రుద్దినం.